నాలుగు ముళ్ళ చెంచా

ఆత్మకూరు బస్సు దిగి వచ్చిందామె,
ఉదయగిరి ఎండకి ముక్కు కందిపోయి.
వెంట ఒక పుదుచ్చేరి కుర్రాడు,
అరవం నంజుకుంటా తెలుగు మాట్లాడతాడు.
"అమ్మగారిది ఫ్రాన్సు. పేరు సొలాంజ్.
చిన్న ఊళ్ళు చూస్తారు. పాతకాలం బతుకు చూస్తారు."

పాతకాలం బతుకు
ఎక్కడ పెట్టానో నాకు తటాల్న గుర్తుకు రాలేదు.
ముందు మిక్సీ మీద దుప్పటి కప్పేశాను.
ప్లాస్టిక్ కుర్చీ దొడ్లోకి నెట్టాను.
మా ఆయన హుస్సేన్ పీరా లుంగీ మార్చుకొచ్చి
బాడిశ పట్టుకుని
ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు.

చాప వద్దంది. చెక్కపొట్టులోనే చతికిలబడింది.
ఆకురాయి పొడి తెల్ల జుట్టు మీద రాలుతుంటే
దులుపుకోనైనా లేదు.
బియ్యం కొనేవాళ్ళు గింజ కొరికి చూసినట్టు
బిక్కి చెక్కని గోటితో గిచ్చి చూసింది.

అప్పుడు నా చేతిలో నాలుగు ముళ్ళ చెంచా.
మా అబ్బా చెక్కాడు, ఆయన అబ్బా చెక్కాడు.
ముల్లుకీ ముల్లుకీ నడుమ ఎంత సందుండాలో
కళ్ళు మూసుకుని చెప్తాను.
దాంతో ఒక్క మెతుకు తిన్నవాళ్ళు
మా ఇంటావంటా లేరు.
అడుగబ్బయ్యా, అన్నాను కుర్రాడితో,
వాళ్ళు నిజంగానే దీంతో తింటారా అని.

తింటాం, అని నవ్వింది.
ఆఖర్న మాత్రం రొట్టె తుంచి
పళ్ళెంలో మిగిలిన పులుసంతా
వేళ్ళతో తుడుచుకుని తింటాం.
పెద్దిళ్ళ విందుల్లో అది తప్పంట.
వాళ్ళ ఊళ్ళో మటుకు
తుడవని పళ్ళెం చూస్తే వండినామె మొహం మాడిపోద్దంట.
నా వేళ్ళకేసి చూసుకున్నాను.
రాత్రి చేపల పులుసు వాసన ఇంకా వదల్లేదు.

మరి మీ ఊరు చూపించు, అన్నాను.

హుస్సేన్ పీరా చెవి మీది పెన్సిల్ అడిగి తీసుకుని
చెక్క మీద గీసింది.
ఇది వాగు. ఇది వంతెన.
ఇది చర్చి, గంట పగిలిపోయింది.
ఇది మా వీధి, మధ్యాహ్నం రెండు గంటలసేపు
మందుల షాపుతో సహా తలుపులేసుకుంటుంది.
ఇది రొట్టెల అంగడి.

అక్కడ పెన్సిల్ ఆగింది.

అంగడి లేదిప్పుడు. ముసలాయన పోయాడు, పొయ్యి ఆరింది.
గోడకి ఇనప పెట్టె బిగించారు,
బిళ్ళ వేస్తే రొట్టె జారుతుంది.
అంగట్లో అడుగు పెడితే ముందు పలకరింపు,
ఆ తర్వాతే బేరం. అది ఆ ఊరి మర్యాద.
అందుకని పెద్దవాళ్ళు ఇప్పటికీ
పెట్టెను పలకరించి,
రొట్టె చంకలో పెట్టుకుని,
పోయొస్తామని చెప్పి మరీ పోతారంట.

ఎండాకాలం పట్నాల వాళ్ళు వస్తారు, అంది.
పాతకాలం బతుకు చూపించమంటారు.
నేనేం చేస్తానో తెలుసా? గొంతు తగ్గించింది.
టీవీ మీద లేసు గుడ్డ కప్పేస్తాను.

కుర్రాడు దాన్ని తెలుగులోకి దించేసరికి
నేను లేచి పోయి దుప్పటి లాగేశాను.
అల్లం, ఎల్లిపాయలు వేసి గర్రుమనిపించాను.
ఆ మోతలో ఎవరేం మాట్లాడామో తెలీదు.
తెలుగు చెయ్యడం మాని
కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

పొయ్యేటప్పుడు ఆరు చెంచాలు కొంది.

చెక్క మాత్రం మిగిలింది.
మంచి బిక్కి, ఎక్కడా ముడి లేదు.
పది రోజులు గోడకి ఆనించి పెట్టుకున్నాను.
పదకొండో రోజు చెన్నై నుంచి ఆర్డరు.
పటం కూడు పెట్టదు గదా, అన్నాడు హుస్సేన్ పీరా,
నా వైపు చూడకుండా.

చర్చి రెండు ముక్కలైంది.
రొట్టెల అంగడి పొట్టయింది.
ఒక చెంచా కాడ మీద
వాగు గీత రవ్వంత మిగిలితే
ఆకురాయి అక్కడ తగలకుండా తిప్పాను.

అది ఏ ఊరికి పోయిందో, ఎవరింటికి పోయిందో.
పట్టుకున్నప్పుడు కనపడదు,
బొటనవేలి కిందనే ఉంటుంది గదా వాగు.
తినేసి, పళ్ళెం తుడుచుకుని,
చెంచా పక్కన పెడితేనే.