పొద్దుటి సగం

ఒక్కటే గది.
ఆదివారం గుడి, తెల్లారితే బడి.
ప్రత్తిపాడు దారిలో బస్సు దిగి
మిరప చేల గట్ల మీద నడిస్తే మా పల్లె,
పల్లె చివర ఆ తాటాకు కప్పు.

జ్ఞానసుందరం పంతులుగారు
దూలానికి కట్టిన రైలుపట్టా ముక్కని
ఇనుప మేకుతో కొట్టేవారు.
దేవుడికీ మాకూ అదే గంట.
దేవుడికైతే మూడు దెబ్బలు, నిదానంగా.
మాకైతే గబగబా,
ఇంకా రాలేదేంట్రా అని తిట్టినట్టు.

నల్లబల్ల అంటే ఎవరింటిదో పాత తలుపు.
గొళ్ళెం ఊడిన చిల్లు అలాగే ఉండేది.
బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నూరి
పెద్దపిల్లలు పూసేవాళ్ళు.
వాన కురిస్తే అదీ కురిసేది,
అక్షరాల మీంచి నల్లగా చారలు.
సోమవారం పొద్దున దాని మీద
నిన్నటి కీర్తనల నంబర్లు మిగిలుండేవి.
ముప్పయ్యేడు, నూటనాలుగు.
పంతులుగారి గొంతు కలిసేది ఆ రెండు పాటలకే,
అందుకని ఏ వారమైనా అవే నంబర్లు.
"చెరపకండ్రా, కూడండి" అనేవారు.
సుద్దముక్క ఆదా.

ఇండియా పటం ఒకటుండేది.
చెదలు సరిగ్గా మా వైపే తిన్నాయి.
మన ఊరెక్కడండీ అంటే
ఆ చిల్లులో వేలు పెట్టి "ఇదిగో" అనేవారు,
గోడ తగిలేది వేలికి.

ఇంట్లో పలక ఒక్కటే,
నాకూ మా తమ్ముడు ఏసురత్నానికీ.
పొద్దున నాది, మధ్యాహ్నం వాడిది.
ఎండ నడినెత్తికొచ్చేసరికి
గట్టు మీద ఎదురుపడేవాళ్ళం.
వాడి చంకలోని చంటిది నా చంకలోకి,
నా చేతిలోని పలక వాడి చేతిలోకి.
చట్రం మూల ఊడితే అమ్మ పురికొస చుట్టింది,
పట్టుకుంటే అరచేతిలో గీసుకునేది.
నేను రాసింది వాడు దొండాకుతో తుడిచేవాడు.
తుడిచే ముందు ఒకసారి చూసేవాడో లేదో
ఎప్పుడూ అడగలేదు.
బలపాలు మాత్రం ఎవరివి వాళ్ళకే.
వాడిది వాడు తినేసేవాడు,
తర్వాత నాది.

పంతులుగారు పొద్దున చదువు చెప్పేవారు,
మధ్యాహ్నం లెక్కలు.
అలా నాకు అక్షరాలొచ్చాయి,
వాడికి అంకెలొచ్చాయి.
మూడో తరగతి దాటక ముందే
వాడికి బస్తా మోసే వీపొచ్చింది,
నాకు తొడిమ తీసే వేళ్ళొచ్చాయి.

నలభై ఏళ్ళు, గుంటూరు మిర్చియార్డు.
ఘాటుకి తుమ్మడం మానేసి చాలా కాలమైంది.
చీటీ మీద పేరు నేను చదివేదాన్ని,
తూకం వాడు కట్టేవాడు.
ఇద్దరం పక్కపక్కన నిలబడితే
గుమస్తా కలం కొంచెం మర్యాదగా నడిచేది.
ఒకసారి పదకొండు కిలోల కూలి వెనక్కి రాబట్టాం.
ఆ సాయంత్రం చుట్టుగుంట దగ్గర
ఇద్దరం పునుగులు తిన్నాం, డబ్బులు వాడే లెక్కపెట్టిచ్చాడు.

పోయిన క్రిస్మసుకి నాలుగు రోజుల ముందు
వాడు పోయాడు.

ఇప్పుడు చీటీ చేతికొస్తే
సువార్త అని నా పేరు నేనే చదువుకుంటాను.
కింద అంకెలు వాననాటి బల్ల మీదిలా కారిపోతాయి.
సరిగ్గానే వేశానమ్మా అంటాడు గుమస్తా.
వేశాడేమో.

ఒక్క లెక్క మాత్రం నాకూ వచ్చు.
ముప్పయ్యేడూ నూటనాలుగూ
నూటనలభయ్యొకటి.
ఏదో ఒక రోజు ఏ కాటా మీదో
ఆ అంకె రాకపోదు.
ఆ రోజు చూస్తాను వాడి సంగతి.