సప్పుడు

మా పొందూరు యాసలో గుంట అంటే రెండు.
నేలలో తవ్విన మగ్గం గుంట,
ఇంట్లో పుట్టిన ఆడగుంట.
ఈ కథలో రెండూ ఒక్క చోటే ఉన్నాయి.

ఏ సంవత్సరమో మా నానమ్మకి తెలీదు.
"కుంపిణీవోడి రోజులు" అంటుంది,
"గాలివాన యేడుకి ముందు" అంటుంది,
ఏ గాలివానో అడిగితే కసురుకుంటుంది.
మగ్గాలు ఒకసారి ముప్పై ఏడు, ఒకసారి నలభై.
నేను ముప్పై ఏడు దగ్గర ఆగిపోయాను,
నలభై మరీ గుండ్రంగా ఉందని.

బయానా ఇచ్చిన చేతికే బట్ట ఇవ్వాలి.
ధర వాళ్ళది, కొలత వాళ్ళది,
పోగుల లెక్క తప్పిందని తానుని మధ్యకి చింపి
కొట్టివేత రాసే కలమూ వాళ్ళదే.
వీధి మొగలో ఒక బంట్రోతు,
వాడి బత్తెం మా కుండల్లోంచే.
రాత్రి మగ్గాలు ఆగితే వాడికి మెలకువ.
చప్పుడు ఆడినంతసేపే నిద్ర.

కూర్మయ్యకి కిటుకు అక్కడే దొరికింది.

అమావాస్య. కొండ మీంచి దింపిన జీలుగు కల్లు
బంట్రోతుకి ముంతెడు ఎక్కువే పోశారు.
ఆపైన కూర్మయ్య కత్తి పట్టుకుని
సగం నేసిన పడుగు ముందు కూర్చున్నాడు.
పడుగు కోసిన చేతికి మావాళ్ళు అన్నం పెట్టరు.
మూడుసార్లు దండం పెట్టి, కోశాడట.
నానమ్మ ఇక్కడ ప్రతిసారీ గొంతు సవరించుకుంటుంది.

తర్వాత అంతా మునివేళ్ళ మీద.
దోనె భుజానెత్తుకుని ఒకడు,
అచ్చు చంకన పెట్టుకుని ఒకడు,
రాట్నం నెత్తిన పెట్టుకుని బాలింత,
దూది దువ్వే వాలుగ చేప దవడ
కొంగున ముడేసుకుని ముసలిది.
ఇల్లు కదిలే కొద్దీ
ఒక్కో చప్పుడు వీధిలోంచి రాలిపోయింది.
ముప్పై. ఇరవై. పదకొండు.
కల్లు మత్తులోనూ బంట్రోతు ఒత్తిగిల్లాడు.

చివరి గుంటలో అసిరి కూర్చుంది.
కూర్మయ్య మనవరాలు. తొమ్మిదేళ్ళు.
కాళ్ళు తొక్కుడుకర్రలకి అందవు.
ఎవరు కూర్చోబెట్టారంటే
"తనే ఉంటానంది" అంటుంది నానమ్మ.
తొమ్మిదేళ్ళ పిల్ల, తనే అందా? అని నేనడిగితే
మాట్లాడకుండా దూది ఏకుతుంది.

రెండు చేతులా పలక లాగి కొట్టింది అసిరి.
మళ్ళీ లాగింది.
దీపం కొండెక్కాక చీకట్లోనే లాగింది.
అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి,
నాగావళి అవతలి గట్టున
ఆఖరి కావడి దిగేదాకా
వీధి వీధంతా ఆ ఒక్క పలక మీద నిలబడింది.

తెల్లారి గుమాస్తా భుజంగరావు పల్లకీ దిగాడు.
చిట్టా తెరిచి ఇల్లిల్లూ తొంగిచూశాడు.
గుంట. గుంట. గుంట.
ఆఖరి ఇంట్లో, గుంటలో గుంట.
మగ్గం మీద ఒక్క పోగు లేదు,
చెక్క మీద చెక్క పడుతోంది.

"ఏం నేస్తున్నావే?"

"సప్పుడు, బావూ."

ఆ తర్వాత?
కచేరీకి ఈడ్చుకెళ్ళారని ఒక యేడు చెబుతుంది.
బంట్రోతే భుజానేసుకుని యేరు దాటించాడని,
వాడూ మరి వెనక్కి రాలేదని ఇంకో యేడు.
నాకు రెండోదే కావాలి.
అంతగా కావాలి కాబట్టే నమ్మబుద్ధి కాదు.

నిన్న బ్యాంకులో లోను పని మీద
శ్రీకాకుళం బయల్దేరాను.
చూపానని నానమ్మ గోడ తడుముకుంటూ వెళ్ళి
ఖాళీ మగ్గం పలక రెండుసార్లు లాగి కొట్టింది.
మా ఇంట్లో ఎవరు గడప దాటినా అంతే,
ఎందుకని ఎవరమూ అడగం.
మూడోది కూడా పడుతుందేమోనని
ఆటో స్టేషన్ రోడ్డు తిరిగేదాకా
చెవి ఒగ్గి కూర్చున్నాను.