ఒక చెవి వీధికి

గెంట్ నగరంలో ఒకటో నంబరు ట్రామ్ నాది.
పంతొమ్మిదేళ్ళుగా నా ఎడమ పాదం కింద
ఒక గంట ఉంది.
దాన్ని నొక్కితే పావురాలు లేస్తాయి,
ముసలాళ్ళు తిట్టుకుంటూ తప్పుకుంటారు,
యాత్రికులు ముచ్చటపడి ఫొటో తీసుకుంటారు.

నవంబరు. ఏడున్నరకి కూడా తెల్లవారదిక్కడ.
సన్నటి జల్లు,
రాళ్ళు పరిచిన వీధి చేపపొలుసులా మెరుస్తోంది.
నా ముందొక సైకిలు.
సంచీలోంచి పొడుచుకొచ్చిన హాకీ కర్ర,
నెత్తికి తగిలించిన ఎర్రటి లాడంలా హెడ్‌ఫోన్లు.
మొహం తెలియదు.
ట్రామ్ నడిపేవాళ్ళకి మనుషులంటే వీపులే.

గంట కొట్టాను.
మళ్ళీ కొట్టాను.
దారికడ్డంగా బ్రెడ్ల వ్యాను ఒకటి ఆగి ఉంది.
దాన్ని తప్పించుకోవడానికి వాడు
వెనక్కి చూడకుండా,
ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినంత మామూలుగా
పట్టాల మధ్యకి వచ్చేశాడు.

పట్టా గాడి సైకిలు చక్రానికి సరిగ్గా సరిపోతుంది,
ఎవరో కొలత తీసి చేయించినట్టు.

నలభై టన్నుల ఇనుము అడగ్గానే ఆగదు.
ఇసుక వదిలాను, బ్రేకు లాగాను,
లోపల నిలబడ్డవాళ్ళంతా ఒకరిమీదొకరు.
గంట మీంచి పాదం తియ్యడం మరిచిపోయాను.
బేకరీ పిల్ల విన్నది,
మూడో అంతస్తులో నిద్రపోతున్నవాడు విన్నాడు.
వాడొక్కడే.

చెవిటివాడి ముందు శంఖం అంటారు.
ఆ మాట పుట్టించినవాళ్ళు
హెడ్విగ్‌ని చూసి ఉండరు.
అరవై రెండేళ్ళు, పుట్టుకతో వినపడదు.
రోజూ ఎనిమిదింటికి లైయె వంతెన మీద సైకిలు తొక్కుతూ కనిపిస్తుంది.
హ్యాండిల్‌కి రెండువైపులా అద్దాలు.
మలుపు మలుపుకీ మెడ తిప్పి
ఇంటికి తాళం వేశానా అని తేల్చుకునే మనిషిలా
రెండేసిసార్లు చూస్తుంది.
నేనింకా దూరంలో ఉండగానే తప్పుకుంటుంది.
ఎలా తెలుస్తుందని ఒకసారి కాగితమ్మీద రాసి అడిగాను.
అరచెయ్యి చూపించింది.
నీ ట్రామ్ ముందు నా హ్యాండిల్‌లోకి వస్తుంది,
తరవాతే వీధిలోకి, అని రాసింది.
తనకి వినపడదన్న సంగతి
ఆమె ఒక్క క్షణం మరిచిపోదు.

ఆగింది. జానెడు దూరంలో.
మోకాలు చీరుకుపోయి
పట్టా పక్కన కూర్చున్నాడు. పదహారేళ్ళుంటాయేమో.
యోర్రె అట పేరు.
నేను దిగాను. తిట్టడానికే దిగాను.
ఆ ఎర్ర డిప్పలు పీకి నా చెవులకి పెట్టుకున్నాను,
ఏ పాట కోసం చావబోయాడో విందామని.

పాట లేదు.
వీధి లేదు, వాన లేదు, నా వెనక హారన్లు లేవు.
కొత్త దూది లాంటి నిశ్శబ్దం.
"ఇంట్లో కవలలు పుట్టారు," అన్నాడు,
వాడి పెదాల్ని బట్టి సగం, డిప్ప తీశాక సగం విన్నాను.
"రాత్రంతా ఏడుస్తారు. బడికెళ్ళే ఈ పావుగంటే..."

బ్రెడ్ల వ్యానువాడు వచ్చి
ఈ కాలం పిల్లలు, చెవుల్లో ఆ చెత్త, అని మొదలుపెట్టాడు.
వాడి వ్యానుకి అద్దాలు బిగించి ఉన్నాయి,
లోపల ఫుట్‌బాల్ వ్యాఖ్యానం దద్దరిల్లుతోంది.
రెండు చక్రాలు సైకిళ్ళ దారిలో.
ముందది తియ్యి, అన్నాను.
దాచుకొచ్చిన తిట్లన్నీ అక్కడ ఖర్చయ్యాయి.

ఆ రాత్రి డ్యూటీ దిగి
నా సైకిలు మీద ఇంటికెళ్తూ
ఉన్ని టోపీని చెవుల మీంచి పైకి మడిచాను.
చలి సూదుల్లా గుచ్చింది.
గొలుసు కిర్రుమంటోంది, నూనె వెయ్యాలి.
ఎన్నాళ్ళనుంచి కిర్రుమంటోందో.

వారం తరవాత అదే వంతెన, అదే హాకీ కర్ర.
హెడ్‌ఫోన్లు ఉన్నాయి.
ఉంటాయి మరి, కవలలింకా ఏడుస్తూనే ఉంటారు కదా.
కానీ ఒక డిప్ప వెనక్కి జరిగి ఉంది,
ఎర్రబడ్డ చెవి ఒకటి చలిలో, బయట.
గంట నొక్కాను, మెల్లగా, ఒక్కసారి.
ఎడమ చెయ్యి కాస్త ఎత్తి పక్కకి జరిగాడు.

ఒక చెవి చాలుతుందా? నాకు తెలియదు.
పాదం గంట మీదే ఉంచాను.