పైకి కాదు, పక్కకి

వూచ్ నగరంలో, మూతపడ్డ నూలుమిల్లు వెనక
ఆరు మెట్లు దిగితే హల్ష్కా రిపేరు గది.
బయట మంచు. బల్లమీద హెయిర్ డ్రయ్యరు,
దూది, స్పిరిట్ సీసా, పళ్ళసందులు శుభ్రంచేసే దారం.

నా ర్యామ్ ముక్కకి ఎర్ర రేకు తొడుగు.
ఎవరో జిగురేసి, ఇక విడిపోకూడదనుకున్నారు.
కొత్త కూలరు కింద పట్టి చావడం లేదు.
"గట్టిగా లాగేస్తే?" అన్నాను.
సొరుగులోంచి పచ్చ పలకొకటి తీసి చూపింది:
చిప్పు ఊడిన చోట
పన్ను రాలిన చిగురులా గుంట.
"పోయినేడు నా తొందర. పారెయ్యలేదు."

ముందు వేడిగాలి,
పసిపిల్ల స్నానానికి మోచేత్తో చూసే వేడికన్నా
ఓ పిసరు ఎక్కువ.
అంచున స్పిరిట్ చుక్క. ఆగడం.
ఇంకో చుక్క. ఆగడం.
అప్పుడు దారం, మూలన దూర్చి
ఇటూ అటూ, ఇటూ అటూ,
పైకి కాదు, ఎప్పుడూ పైకి కాదు.
వాళ్ళమ్మమ్మ ఈ మిల్లులోనే తెగిన పోగులు ముడేసేదట.
"ఆవిడ కలిపింది, నేను కోస్తున్నా" అని నవ్వబోయి
ఆపుకుంది, చెయ్యి కదుల్తుందని.

నలభై నిమిషాలు.
జిగురు పాకంలా తీగసాగింది,
రేకు దానంతటదే ఒరిగింది.
చిప్పులు లెక్కపెట్టాం. ఎనిమిది. ఎనిమిదీ ఉన్నాయి.

"ఇందులో నా ఫొటోలేమైనా పోయుంటాయా?"
తలెత్తి చూసింది.
"ఇందులో ఏదీ ఉండదండీ.
కరెంటు తీస్తే చాలు, అన్నీ మరిచిపోతుంది."

మరి ఇంతసేపు, ఇంత మెల్లగా...
అడగబోయి ఊరుకున్నాను.
తెగిన దారం వేలికి చుట్టుకుని
మిగిలిన జిగురు తుడుస్తోంది.