జత తెడ్లు

రోహిణిల రోళ్లే పగులుతయంటరు,
తెడ్డెంత.
రాయమల్లు భుజం మీదికెల్లి దించి
నా బాడిశ పక్కన పెట్టిండు.
"ఆకు చీలింది, జర చూడు.
మిరుగం లోపల కావాలె."

నర్సంపేట నుంచి పాకాల పొయ్యే తొవ్వల
మాది వడ్ల కొట్టం.
నాగళ్లు పోయినయి, బండి గిల్లలు పోయినయి,
దర్వాజలు సుత ఇప్పుడు లారీల దిగుతున్నయి.
తెడ్లు మాత్రం వస్తయి,
ఏడాదికి ఏడో ఎనిమిదో,
చెరువు నీసు వాసనతోని.

మూడు దినాలు నీడకు ఆరనిచ్చిన.
ఎండల పెడితే కట్టె అలుగుతది,
అలిగిన కట్టె జిగురు తాగది.
గోటితోని గీకితె
చీలిక పక్కన ఇంకో చీలిక, పాతది,
లక్క పోసి మూసినది.
దాని మీద రాగి రేకు, నాలుగు మొలలు,
నాలుగోది వంకర.
ఆ వంకర నాకు ఎరికే.
మా నాయిన ఆఖరి మొల కాడికి రాంగనే
బీడీ ముట్టిచ్చేటోడు.
పీకలేదు. దాని పక్కకే నాది కొట్టిన,
అదీ సక్కగ దిగలేదు.

పగులు కొసకు సన్నగ తూటు పొడిచిన,
ఇంక ముందుకు పారకుంట.
జిగురు పెట్టి, సుతిలి బిగిచ్చి,
రాత్రంత ఇసుర్రాయి మోపిన.
"పప్పు ఎట్ల ఇసరాలె?" అన్నది మా ఇంటామె.
"గటుక కలిపే తెడ్డు ఇరిగి ఆర్నెల్లాయె,
దానికి దిక్కు లేదు,
చెరువు తెడ్డుకు సేవలా!"

చిత్రిక పట్టుకుంట పిడి దాక వచ్చిన.
బొటనవేలంత గుంత, అరిగి అరిగి అద్దమైంది.
నున్నగ చేద్దామని ఉలి తీస్తే
రాయమల్లు చెయ్యి అడ్డం పెట్టిండు.
"అది ముట్టకే.
మబ్బుల లేచి వల తియ్యవోతె
ఆకు ఎటు మొకాన ఉన్నదో
ఆ గుంతనే చెప్తది."

ఇప్పనూనె గోరువెచ్చగ, మూడు పూతలు.
పడవ అంచుకు రాసుకునే కాడ
పాత స్కూటర్ ట్యూబు చుట్టిన.

అయిపోయిందనుకున్న.
చేపల కాంటకు రెండు తెడ్లు ఏలాడేసిండు రాయమల్లు.
బాగు చేసింది పావుకిలో మొగ్గింది.
"కుడి రెక్క ముందుగాల గుంజుతది" అన్నడు.
రేకు పీకరాదు, ఆకు సన్నం చెయ్యరాదు.
ఎంత సేపు నిలవడ్డమో.
ఆఖరికి
ఏ దెబ్బా తాకని రెండో తెడ్డు పండవెట్టి
దానికి సుత అదే కొలతల రేకు కోసి
మొలలు కొట్టిన.
పుట్టి బుద్దెరిగి
పగలని కట్టెకు అతుకెయ్యలేదు నేను.
మొదటి దెబ్బకు చెయ్యి రాలేదు.

కాంట నడుమ నిలిచింది.
పైసల ముచ్చట రాయమల్లు తియ్యలేదు, నేనూ అడగలేదు.

మిరుగం నాడు కొర్రమట్ట పంపిండు.
పొయ్యి కాడికెల్లి మా ఇంటామె
నా దిక్కు ఒక చూపు చూసింది.
చేపల పులుసుల తెడ్డు పెట్టరు,
గిన్నెనే తిప్పుతరు.
ఆ పూటకు బతికిన.