మట్ట నిచ్చెన

కాలువ కట్టేసి ఇరవై రోజులు.
పెరట్లో కుళాయి పక్కన గొయ్యి తవ్వి
పాత సిమెంటు తొట్టిని అంచుదాకా దించుతున్నాను.
"ఏం నాటతావందులో?" అంది వరాలు.
"కప్పల్ని" అన్నాను.
ఆవిడ చేటలోంచి తలెత్తలేదు.
"కప్పలొస్తే పాములొస్తాయి" అని మాత్రం
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
ఒక్కో మాటా ఏరి పక్కన పెట్టింది.

నాకు తెలిసిన పనే ఇది.
తిరగేసి చేస్తున్నానంతే.
కప్ప ఎక్కడ దాక్కుంటుందో
పన్నెండేళ్ళకే నా చేతులకి తెలుసు.
తొలకరి రాత్రి పుల్లేటికుర్రు చేలగట్ల మీద
అన్న చేతిలో పెట్రోమాక్సు,
నా భుజాన గోనెసంచి.
వెలుగు కళ్ళల్లో పడిందా, బావురుకప్ప ఇక కదలదు.
పసుపు పూసుకున్న పెళ్ళికొడుకులా
అలాగే కూచుంటుంది,
ఎవరో పీటల మీదకి పిలవడానికొచ్చారనుకుని.

తెల్లారేసరికి లాకుల దగ్గర
ఏజెంటు గంగరాజు సైకిలు.
కప్పల తక్కెడ అంటారే,
మాకది సామెత కాదు.
ఒకటి వేస్తే ఒకటి దూకేది.
ఆయన తిట్టేవాడు, మేం నవ్వేవాళ్ళం.
కాళ్ళు ఐసులో పడుకుని ఓడెక్కేవి,
మిగతాది
కాలువలోకి.
ఆ డబ్బుతోనే కుట్టించారు నాకు
జేబులున్న మొదటి నిక్కరు.
ఆ జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచిన గర్వం
ఇప్పటికీ అబద్ధం కాదు.

తర్వాతెప్పుడో ఆ బేరం ఆగిపోయింది.
సుడిదోమ వచ్చింది, గుళికలొచ్చాయి.
వాన పడ్డ రాత్రులు
మేం బాగా నిద్రపోవడం మొదలెట్టాం.
ఎందుకో ఎవరూ అడగలేదు.

తొట్టి గోడ మరీ నున్నన.
దిగిన ప్రాణి ఎక్కలేదు.
ఎండు కొబ్బరిమట్ట ఒకటి ఏటవాలుగా దించాను,
గరుకు వైపు పైకి.
నీళ్ళకి బ్లీచింగు వాసన, రెండు రోజులు ఎండబెట్టాను.
దోమలకి మంచివని
అమ్మిరాజు గప్పీ చేపలిస్తానన్నాడు.
వద్దన్నాను. గుడ్లు బతకనివ్వవు.
అరటిబోదె పక్కన కొబ్బరి డొక్కల పోగు.
మూతి విరిగిన కుండని
సగం మట్టిలో పడుకోబెట్టి
నోరు ఉత్తరానికి తిప్పాను.
బెండకి పట్టిన పురుగుని పట్టనిచ్చాను.
చీపురుతో వచ్చిన వరాలు
రాలిన ఆకుల దగ్గర ఆగి, నన్ను చూసి,
వెనక్కి తిరిగింది.
అంతకన్నా పెద్ద దానం
నేనావిడ దగ్గర ఎరగను.

ఎవరూ రాలేదు.
రోహిణి ఎండకి రోళ్ళతో పాటు నా ఓపికా పగిలింది.
కుండలో ఒక జెర్రి,
రెండు బొద్దింకలు కాపురం పెట్టాయి.
"అద్దె ఎంతిస్తున్నాయి?" అంది వరాలు.

మృగశిర మూడో రోజు కాలువ వదిలారు.
ఆ రాత్రే వాన.
పొద్దున్నే చెప్పులో కాలు పెడితే
చల్లగా, మెత్తగా, కోపంగా ఏదో.
గోదురుకప్ప!
కుండ నచ్చలేదు, డొక్కలు నచ్చలేదు,
తొమ్మిదో నంబరు ఎడమ చెప్పు నచ్చింది.
ఉప్పు డబ్బాతో పరుగెత్తుకొచ్చిన వరాలు
వంగి దాని మొహం చూసి
"అచ్చం మా బావగారే" అంది.
డబ్బా మూత బిగించేసింది.

వారం తిరక్కుండా
తొట్టిలో నల్లపూసల తాడు.
ఎవరిదో తెగిపడిందనుకుని
ముందు తన మెడ తడుముకుంది.
తర్వాత రోజూ తనే వెళ్ళి చూసొస్తోంది,
పూసలకి తోకలొచ్చాయా అని.

నిన్న రాత్రి గోడ అవతల చేలోంచి
బావురుకప్ప అరుపు. ఒక్కటే.
టార్చి వేసుకుని వెళ్ళాను.
గట్టు కింద, పచ్చగా, వెలుగుకి కట్టుబడి,
కదలకుండా.
నా కుడిచేతి వేళ్ళు వాటంతటవే వంగాయి.
యాభై ఏళ్ళయినా
పట్టు మర్చిపోలేదవి.

టార్చి ఆర్పేశాను.

చీకట్లో ఇద్దరం కాసేపు.
నన్ను నమ్మిందో లేదో తెలీదు.
ఎవరో ఒకరు ముందు కదలాలి కదా,
నేనే వెనక్కి నడిచాను
ఒట్టి కాళ్ళతో, బురదలో.
చెప్పులు ఖాళీ లేవు.