ఒత్తు

గురువారం, మధ్యాహ్నం మూడు.
షెఫీల్డ్‌లో వాన ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు,
కొండమీంచి ట్రాములు దిగినట్టు
దిగుతూనే ఉంటుంది.
లైబ్రరీ మూడో అంతస్తు, చివరి గది.
ఓ తెల్లబోర్డు, రెండు కుర్చీలు,
కోడిపెట్ట ఆకారంలో వంటింటి టైమరు,
ఛారిటీ షాపులో పావలా తక్కువ పౌండుకి కొన్నది.

తోటి విద్యార్థులకి చదువులో సాయం చేసేవాణ్ణని
నా మెళ్ళో బ్యాడ్జీ చెబుతుంది.
అందులో స్పెల్లింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి,
నేను రాయలేదు కనక.

టామ్సిన్ వచ్చింది. కోటు విప్పదు.
జిప్పు పైకి, కిందికి, మళ్ళీ పైకి.
రాదర్‌హామ్ పిల్ల. నదులూ వరదలూ చదువుతోంది.
ఏ ఆలోచనా దాని మీద నిమిషం వాలదు.
రెండువేల పదాల వ్యాసం, సోమవారానికి.
"తెరిచావా?"
"ఫైలుకి పేరు పెట్టాను."
"ఏమని?"
"రేపు."

నేను నవ్వలేదు.
నవ్వకుండా ఉండటం
వాళ్ళిచ్చిన రెండ్రోజుల శిక్షణలో లేదు.
అంతకుముందే నేర్చుకున్నాను

నరసరావుపేటలో, నాలుగో తరగతిలో,
'బ'కీ 'భ'కీ మధ్య నిలబడి.
అక్షరం కడుపు కింద ఆ చిన్న గీత
ఒకరోజు కనపడేది, ఒకరోజు ఎటో పోయేది.
భూమి అంటే బూమి. ధనం అంటే దనం.
మాస్టారు నా నోట్సెత్తి క్లాసంతటికీ చూపించేవారు:
"వీడి భూమికి కాలు లేదురా!"
మొద్దు అన్నారు.
ఇంట్లోవాళ్ళకీ వేరే మాట దొరకలేదు, పాపం.
ఒత్తులు మర్చిపోయాను గానీ
ఒత్తిడి ఒక్కరోజూ మర్చిపోలేదు.

ఇరవై నాలుగేళ్ళొచ్చాక, ఇక్కడ,
మార్జరీ అనే ఆవిడ రెండున్నర గంటలు
నాచేత బొమ్మలు పేర్పించి, అంకెలు వెనక్కి చెప్పించి
పద్దెనిమిది పేజీల రిపోర్టు ఇచ్చింది.
డిస్లెక్సియా.
ఆ మాటని ఇప్పటికీ చూడకుండా రాయలేను.
రిపోర్టు చదవడానికి నాలుగు రోజులు పట్టింది.
ఆ సంగతి ఆవిడకి ముందే తెలిసుండాలి.

కోడిపెట్టని తిప్పాను. పది నిమిషాలు.
"రాయకు. చెప్పు. నది ఎందుకు పొంగింది?"
ఆమె వ్యాసం నేను రాయకూడదు, అది రూలు.
శీర్షికలు మాత్రం బోర్డెక్కించొచ్చు.
ఆమె చెప్పింది:
పైన కొండలు, ఇంక తాగలేనన్న నేల,
వంతెన కింద అడ్డంపడ్డ చెట్టు,
వాళ్ళ నానమ్మ వంటింట్లో మోకాలిదాకా బురద,
ఆ బురదలో తేలిన టీ డబ్బా.
జిప్పు ఆగింది.

వరదకి ఇంగ్లీషు మాట రాశాను,
ఉండాల్సిన రెండు 'ఓ'ల్లో ఒకటి మింగేసి.
టామ్సిన్ లేచి పెన్ను లాక్కుంది.
ఒక 'ఓ' దూర్చింది.
ఆ చేత్తోనే కింద ఒక వాక్యం. ఇంకోటి.
కోడిపెట్ట మోగింది, మోగి ఊరుకుంది.
కావాలనే తప్పు రాశావా అని
మా సూపర్‌వైజరు తర్వాత అడిగింది.
అంత తెలివి నాకెక్కడిది?

పై వారం రాలేదు.
నాలుగింటిదాకా కూర్చున్నాను.
ఫారంలో రెండే గడులు: వచ్చారు, రాలేదు.
రాత్రి మెసేజీ:
"స్టాపుదాకా వచ్చాను. రెండు ట్రాములు వదిలేశాను."
దానికి గడి లేదు.
మార్జిన్‌లో, నా వంకర రాతలో, రాసిపెట్టాను:
సగం దూరం వచ్చింది.

ఆ పై గురువారం
కోటు విప్పి కుర్చీకి తగిలించింది.
వ్యాసం మూడ్రోజుల పొడిగింపుతో ఇచ్చేసిందట.
"బరువు దిగింది," అంది భుజాలు ఎగరేసి.
"మీ భాషలో ఆ మాట ఎలా రాస్తారు?"

బరువు అనే రాస్తే సరిపోయేది.
ఎందుకో పెద్దమాటే చేతికొచ్చింది.
బోర్డు మీద రాశాను: బారం.

"అన్నీ గుండ్రంగా ఉన్నాయే! ఇవి పడిపోవు కదా?"
"పడవు. దొర్లుతాయి."

కింద గీత లేదని నాకు తెలుసు.
ఈ గదిలో ఇంకెవరికీ తెలీదు.
పెన్ను మూత తీశాను,
మళ్ళీ పెట్టేశాను.
కాసేపు ఉండనీ
ఆ ఒత్తు లేకుండా.